ఎకరం పెట్టి కొన్న సీటు

విజయవాడలో ‘సీటు’ అంటే బస్సులో సీటా, సినిమా హాల్లో సీటా అని ఎవరూ అడగరు. ఎన్నికల రోజుల్లో తప్ప ఆ మాటకి ఒకటే అర్థం. వాళ్ళబ్బాయికి సీటొచ్చింది. వీళ్ళు సీటు కొన్నారు. పాపం, చేతిదాకా వచ్చిన సీటు పోయింది. ఈ క్రియలు కాస్త చెవిపెట్టి వినండి. కృష్ణా డెల్టాలో పొలం గురించి మాట్లాడేటప్పుడు వాడేవి ఇవే. పొలం వస్తుంది (ఎక్కువసార్లు అత్తారింటి నుంచి), పొలం కొంటారు, పొలం పోతుంది. చదువుకి వేరే క్రియలున్నాయి: నేర్చుకోవడం, చెప్పించుకోవడం, అబ్బడం, వంటబట్టడం. సీటు దగ్గర వాటితో పని పడదు.

నేను ఈ డెల్టాలోనే బీటెక్ చదివి, పదేళ్ళ పైనుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మావైపు కంప్యూటర్ సైన్స్ చదువు ఎలా వచ్చిందో రాసేవాళ్ళు సాధారణంగా 1998 దగ్గర మొదలుపెడతారు. హైటెక్ సిటీ, సైబర్ టవర్స్, వాజ్‌పేయి రిబ్బన్ కత్తిరించడం. నాకు ఆ కథ చివరి నుంచి మొదలుపెట్టినట్టు అనిపిస్తుంది. ఆ భవనం లేవడానికి ఇరవయ్యేళ్ళ ముందే ఇక్కడ సీటు అనే సరుకు తయారైంది. దానికి ధర కట్టడం, అప్పు తేవడం, పెళ్ళిలో లెక్కలోకి తీసుకోవడం అన్నీ అలవాటయ్యాయి. కంప్యూటర్ తర్వాత వచ్చి అందులో కూచుంది.

మా తాతల కాలంలో ఇంజినీరంటే నీళ్ళ మనిషి. లాకుల దగ్గర బంగళా, కాలవ గట్టు మీద జీపు, చేతిలో నీళ్ళ తాళం. ఆ గౌరవానికి కారణం ఉంది. 1832-33 నందన కరువులో గుంటూరు జిల్లా జనంలో మూడో వంతు దాకా పోయారని అంచనాలున్నాయి, పక్కనే కృష్ణ సముద్రంలోకి పారుతూ ఉండగానే. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలై 1855లో పూర్తయింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది చార్లెస్ ఆర్. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఇప్పటికీ విజయవాడని ముక్కలుగా కోస్తూ పోతాయి. ఊళ్ళో ట్రాఫిక్ అంతా ఆ వంతెనల దగ్గర ఆగడమే అందుకు సాక్ష్యం. 1957లో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని కింద పదమూడు లక్షల ఎకరాలు. కంకిపాడులో పుట్టిన కె.ఎల్.రావు గారు నాగార్జునసాగర్ డిజైన్ల దాకా వెళ్ళి, విజయవాడ ఎంపీగా, కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా పనిచేశారు. ఒక తరం డెల్టా తల్లిదండ్రులకి ‘మావాడు ఇంజినీరు’ అన్నప్పుడు కళ్ళముందు కనిపించిన మనిషి ఆయనే.

నీళ్ళతో పంట, పంటతో మిగులు. ఆ మిగులు ఎటు పోయిందన్నదే అసలు చరిత్ర. కొంత రైసు మిల్లుల్లోకి. కొంత సినిమాల్లోకి: గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు ఊరికే పుట్టలేదు. కొంత మళ్ళీ భూమిలోకే. డెల్టాలో ఎకరం అమ్మి బోధన్‌లోనో, తుంగభద్ర కింద సింధనూరు, గంగావతి దగ్గరో నాలుగైదు ఎకరాలు కొని వెళ్ళినవాళ్ళ ‘క్యాంపులు’ కర్ణాటకలో ఈరోజుకీ ఉన్నాయి. కేరల్ ఉపాధ్య 1988లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసంలో వీళ్ళకి పెట్టిన పేరు రైతు-పెట్టుబడిదారులు. పొలంలో వచ్చింది పట్నంలో పెట్టి, అయినా పొలాన్ని వదలనివాళ్ళు. ఆవిడ ఆ వ్యాసం రాసేనాటికి ఆ డబ్బుకి ఇంకో దారి కూడా దొరికింది.

ఇక్కడ కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవల గుర్తు చేసుకోవాలి. అందులో సుందరం చదువు మొదటి ప్రపంచయుద్ధం రోజుల నుంచి ఆర్థికమాంద్యం దాకా సాగుతుంది. చదువుకీ బతుకుకీ మధ్య తెగిపోయిన తాడు గురించిన నవల అది. తెనాలివాడు కాబట్టి కొ.కు.కి ఈ నేల బాగా తెలుసు. కానీ అప్పట్లో చదువు మీద ఆశపెట్టుకున్నది ప్రధానంగా పొలం తాము దున్నని కులాలు. దున్నే కులాలు, దున్నించే కులాలు దాన్ని పెట్టుబడిగా చూడటం తర్వాతి మాట. ఆ తర్వాతి మాట మీద ‘చదువు’ స్థాయి నవల మనకి ఇంకా రాలేదు. కోచింగ్ హాస్టళ్ళ మీద, అమెరికా ఒంటరితనం మీద కథలున్నాయి. పొలానికీ సీటుకీ మధ్య జరిగిన మారకం మీద మాత్రం నాకు తెలిసి పెద్ద రచన లేదు. లక్షల ఇళ్ళల్లో జరిగిన సంగతి ఇది. నవలాకారులకి ఎందుకు ఆనలేదో మరి.

1975లో విజయవాడలో సిద్ధార్థ అకాడమీ ఏర్పడింది. 1977లో కానూరులో ఇంజినీరింగ్ కాలేజీ పెట్టింది. అదే వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ, రాష్ట్రంలో మొదటి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ అని చెప్పుకునేది. పేరు పెట్టుకున్న మనిషిని చూస్తేనే ఆ డబ్బు దారి కనపడుతుంది: ఐ.సి.ఎస్. చేసి, పరిశ్రమల్లోకి వచ్చి, ఉయ్యూరు కె.సి.పి. చక్కెర ఫ్యాక్టరీని నిలబెట్టినవాడు. చెరుకు నుంచి చదువుకి. అదే సంవత్సరం నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది. పది వేల మంది పైగా పోయారు. ఈ రెండిటికీ సంబంధం ఉందని అనను. కానీ 1977లో ఈ జిల్లాలో ఒక కొసన కాలేజీ గోడలు లేస్తుంటే, ఇంకో కొసన మనుషులకీ పశువులకీ కలిపి గోతులు తవ్వారు. డెల్టా అంటే అందరికీ ఒకే డెల్టా కాదు.

1980లో వడ్డేశ్వరంలో కోనేరు లక్ష్మయ్య కాలేజీ, భీమవరంలో ఎస్.ఆర్.కె.ఆర్., 1981లో బాపట్ల. అన్నీ కాలవల ఊళ్ళే. ప్రైవేటు కాలేజీలంటే డొనేషన్, అదే క్యాపిటేషన్ ఫీజు. ఇంకా నడిచేవి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ రోజులు. కంప్యూటర్ని చూసినవాడు ఊళ్ళో ఉంటే వాడే కంప్యూటర్.

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం వచ్చీరాగానే క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రవేశం ఇక పరీక్ష ద్వారానే. నా లెక్కలో డెల్టా చదువుల చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన సంఘటన ఇదే, హైటెక్ సిటీ కన్నా కూడా. చట్టం సీటు ధరని రద్దు చేసింది. ధర మాత్రం రద్దవలేదు, చోటు మారింది. కాలేజీ గేటు దగ్గర కట్టకూడని డబ్బు రెండేళ్ళు ముందుకి జరిగి ఇంటర్మీడియెట్‌లోకి వచ్చి కూచుంది. సీటు అమ్మకూడదు సరే, ర్యాంకు అమ్మకూడదని ఎవరన్నారు? ర్యాంకుని నేరుగా అమ్మలేరు కాబట్టి దాన్ని పండించే పద్ధతి అమ్మారు. 1986లో శ్రీచైతన్య విజయవాడలో ఆడపిల్లల జూనియర్ కాలేజీగా మొదలైంది. ఇంకా ఎన్నో పేర్లు వచ్చాయి, కొన్ని మాసిపోయాయి. పోరంకి, గోసాల, ఎనికేపాడు, ఇవన్నీ చెరుకుతోటలూ వరిచేలూ ఉన్న ఊళ్ళు. రేకుల షెడ్లలో, తర్వాత నాలుగంతస్తుల హాస్టళ్ళలో పిల్లల్ని పండించడం మొదలుపెట్టాయి. పండించడం అని ఊరికే అనలేదు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారానికో పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు: నారుమడి, నాట్లు, కలుపు. పిల్లల ఆత్మహత్యల వార్తలు ఏటా వచ్చేవి, ఇప్పటికీ వస్తున్నాయి. కలుపు అన్న మాట రాశాక చెయ్యి కాసేపు ఆగింది.

మా డెల్టావాళ్ళు దీన్ని ఇంత త్వరగా ఎలా అందుకున్నారని బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు. నాకు ఆశ్చర్యం లేదు. రెండేళ్ళు పెట్టుబడి పెట్టి, వాన పడుతుందో లేదో తెలియకుండా, చివర్లో ఒక్క రోజు ఫలితం కోసం చూడటం వీళ్ళకి కొత్తా? ఆ ఓపిక లేనివాళ్ళు, లేదా పిల్లవాడి మీద ఆ నమ్మకం లేనివాళ్ళు సూట్‌కేసుతో కర్ణాటక వెళ్ళారు. అక్కడ డొనేషన్ ఇంకా నడిచేది. తాతలు నీళ్ళ కోసం తుంగభద్ర దాటినట్టే మనవలు సీటు కోసం దాటారు.

1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ కేసు తీర్పు వచ్చింది. ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్: దేశమంతా చదువుల చట్టాన్ని మార్చిన కేసులో మన రాష్ట్రం పేరుండటం యాదృచ్ఛికం కాదు. సుప్రీంకోర్టు క్యాపిటేషన్ కుదరదంది, ప్రైవేటు కాలేజీల సీట్లని సగం సగం చేసింది. సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. రెండూ మెరిట్ మీదే, ఫీజులో తేడా. అప్పటిదాకా చాటుగా ఉన్న ధరకి రసీదు వచ్చింది. రసీదు ఉంటే బ్యాంకు అప్పు అడగొచ్చు, వియ్యంకుడికి చూపించొచ్చు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీల బెంచి ఆ పథకాన్ని పక్కన పెట్టేసింది కానీ అప్పటికే కాలేజీలు లేచిపోయాయి. ఒక్క 1998లోనే గుడ్లవల్లేరు, మైలవరం, కానూరులో సిద్ధార్థవాళ్ళదే ఇంకోటి.

మా బాబాయి పామర్రు దగ్గర ఎకరం అమ్మింది ఆ రోజుల్లోనే, మా అన్నయ్య పేమెంట్ సీటు కోసం. అన్నయ్య ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. ఆ ఎకరం పక్కన వెంచర్ పడింది, గజాల్లో అమ్ముతున్నారు. ఉంచుకుంటే ఎంతయ్యేది, అమ్మితే ఎంతొచ్చింది అని సంక్రాంతికి మావాళ్ళు ఇప్పటికీ లెక్కేస్తారు. లెక్క ఏ ఏడూ తేలదు. డాలర్ రేటు మారుతుంది, గజం రేటు మారుతుంది, పిన్ని మధ్యలో లేచి వెళ్ళిపోతుంది.

అన్ని బ్రాంచీల్లో కంప్యూటరే ఎందుకు గెలిచింది? అమెరికా కారణం అందరికీ తెలిసిందే. 1990 చట్టంతో హెచ్-1బి వీసా వచ్చింది, ఏడాదికి 65,000. రెండు వేల సంవత్సరం కంగారులో కోబోల్ తెలిసినవాడల్లా పనికొచ్చాడు. 2001 నుంచి మూడేళ్ళ పాటు ఆ పరిమితి 1,95,000 అయింది. ఇంకో రెండు కారణాలు తక్కువ మంది చెబుతారు. ఒకటి, కాలేజీకి ఖర్చు తక్కువ. మెకానికల్‌కి వర్క్‌షాపు కావాలి, సివిల్‌కి హైడ్రాలిక్స్ ల్యాబ్ కావాలి, సి.ఎస్.ఈ.కి ఒక ఏసీ గది, అరవై మానిటర్లు, చెప్పులు బయట విడవమనే బోర్డు చాలు. రెండోది, ఆడపిల్లలు. సైట్ మీద ఎండలో నిలబడే పని కాదు, కుర్చీలో కూచుని చేసేది. అప్పటిదాకా డిగ్రీతో ఆపేసి పెళ్ళి చేసే ఇళ్ళు కూతుళ్ళని ఇంజినీరింగ్‌కి పంపడానికి ఈ కుర్చీ చాలా సాయం చేసింది. ఈ మార్పు మీద జోకులే ఎక్కువ వచ్చాయి, రాయవలసినంత రాయలేదు.

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి షియాంగ్ బియావ్ గురించి చెప్పాలి. చైనా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త. సిడ్నీలో తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ మధ్య తిరిగి, వాళ్ళ వెనకే హైదరాబాద్‌కీ కోస్తా ఊళ్ళకీ వచ్చి, 2007లో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అని పుస్తకం రాశాడు. ఆయన చూపించింది ఏమిటంటే, ప్రపంచ ఐటీ పరిశ్రమకి చౌకగా దొరికిన ఈ మనుషుల్ని తయారుచేసిన ఖర్చు ఆ పరిశ్రమ పెట్టలేదు. కోస్తా పొలాల మిగులు పెట్టింది, అందులో చాలా భాగం కట్నం రూపంలో కదిలింది. అబ్బాయి చదువుకి అమ్మిన ఎకరం కోడలి ఎకరంతో పూడుతుంది. కోడలి పుట్టింట్లో ఆ లోటు పూడేది ఇంకో కోడలితో. విజయవాడ ఆటోనగర్‌లో 1966 నుంచీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఛాసిస్‌కి లారీ బాడీలు కడుతున్నారు. ‘బాడీ షాపింగ్’ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నేను ఆటోనగరే అనుకున్నాను. ఆలోచిస్తే అంత తేడా ఏం లేదు.

ఇంతదాకా చెప్పిందంతా ఎకరం ఉన్నవాళ్ళ కథ. డెల్టాలో ఆ ఎకరంలో పనిచేసినవాళ్ళకి చదువు వేరే రకంగా ఖరీదైంది. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి కాలవలో, పొలాల్లో పడేశారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలైంది. ఆ కాలు తగిలిందన్న కుర్రాడు పైచదువు చదువుకున్నవాడు. ఆ పేటలో చదువుకున్నవాళ్ళు, రైల్వేలాంటి ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారనీ, పొలం మీద ఆధారపడటం తగ్గిందనీ అప్పట్లో రాసినవాళ్ళంతా చెప్పారు. 2014లో హైకోర్టు నిందితులందర్నీ విడుదల చేసింది. అగ్రకులాల ఇళ్ళల్లో సీటు గురించి లెక్కలు వేసుకుంటున్న ఆ సంవత్సరాల్లోనే, కాలవకి ఇవతల పేటలో డిగ్రీ చదువుకున్నవాడు సినిమా హాల్లో ఎక్కడ కూచోవాలన్నది ప్రాణాల మీదకొచ్చింది. సీటు అన్న మాటకి ఈ అర్థం కూడా ఉంది.

ఎస్సీ, ఎస్టీ పిల్లలకి స్కాలర్‌షిప్పులు ముందునుంచే ఉన్నాయి. 2008 ప్రాంతంలో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ప్రైవేటు కాలేజీల ఫీజు మొత్తం కట్టే పథకాన్ని బీసీలకి, మైనారిటీలకి, పేద అగ్రకులాలకి కూడా, ఆదాయ పరిమితితో విస్తరించింది. ఫీజు రీయింబర్స్‌మెంట్. అప్పుడు నేను కాలేజీలో రెండో ఏడు. మాలో ఎక్కువమంది నాన్నలకి ఏదో ఒక కాలవ కింద ఎంతోకొంత ఉంది. మా వెనక బ్యాచిల్లో మార్పు కంటికి కనపడింది. చేపల చెరువుల మీద కూలికెళ్ళేవాళ్ళ పిల్లలు, మంగళగిరి మగ్గాల ఇళ్ళవాళ్ళు, ఆటో డ్రైవర్ల కూతుళ్ళు. ఎకరం లేకుండా సీటు రావడం ఈ నేల మీద ఇంత పెద్ద ఎత్తున జరగడం అదే మొదలు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఇంజినీరింగ్ కాలేజీలు కోళ్ళఫారాలయ్యాయి. అంటే, ఆ పోలిక వాడుకలోకొచ్చింది. అందులో నిజం లేదనను. తొంభైల మొదట్లో రాష్ట్రంలో పదుల్లో ఉన్న కాలేజీలు ఆరు వందలు దాటాయి. ప్రభుత్వం కట్టే ఫీజు కోసమే పుట్టిన కాలేజీలున్నాయి. మా ల్యాబులో టర్బో సి నీలం తెర ముందు ఫిబోనాచీ, పాలిండ్రోమ్ ప్రోగ్రాములు పద్యాల్లా అప్పజెప్పేవాళ్ళం. సెమికోలన్ మర్చిపోతే ఎక్కడ మర్చిపోయామో వెతికేవాళ్ళం కాదు, మొదటినుంచి మళ్ళీ అప్పజెప్పేవాళ్ళం. బాలగురుస్వామి, కానెట్కర్ పుస్తకాల జిరాక్సులే మా విశ్వవిద్యాలయం. మన ఇంజినీర్లలో నాలుగో వంతే బహుళజాతి కంపెనీలకి పనికొస్తారని మెకిన్సీ 2005లోనే అంది. అయితే ఆ మూడొంతుల్లో పేమెంట్ సీటు వాళ్ళు, కర్ణాటక సూట్‌కేసుల వాళ్ళు కూడా ఉన్నారు కదా. వాళ్ళు అప్పజెప్పినప్పుడు అది రైతుబిడ్డ ఎదుగుదల. చెరువు కూలి కొడుకు అదే ప్రోగ్రాం అప్పజెప్పేసరికి ప్రమాణాలు పడిపోయాయి. ఆ వరసలో రాసిన సంపాదకీయాలు చదివినప్పుడల్లా నాకు ఒంటికి కారం రాసినట్టుంటుంది.

ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేసినప్పుడు ఎవరు భరించారో కూడా రాయాలి. నాకు జూనియర్ ఒకమ్మాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. బకాయి రాలేదని కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వనంది. “అన్నా, వాళ్ళూ వాళ్ళూ చూసుకోవాల్సింది నా టెన్త్ సర్టిఫికెట్ పెట్టుకుని కూచుంటే ఎట్టా?” అని ఫోన్లో అడిగింది. వాళ్ళమ్మ వడ్డీకి తెచ్చి కట్టాక విడిపించుకుంది. విడిపించుకోవడం: తాకట్టు పొలానికి వాడే మాటే అదీ. జాయినింగ్ తేదీ అప్పటికే దాటిపోయింది; కంపెనీ ఇంకో వారం ఇచ్చింది కాబట్టి సరిపోయింది.

2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ అవతలి వైపుకి పోయింది. చదువు ఇక్కడ, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో అన్నది అధికారికమైంది. గన్నవరం దగ్గర మేధా టవర్స్‌లో 2018లో హెచ్.సి.ఎల్. పని మొదలుపెట్టింది, మావాళ్ళు కొందరు తిరిగొచ్చారు, కరోనాలో ఇంకొందరు. కాలేజీల్లో సి.ఎస్.ఈ. పక్కన ఏఐ, డేటా సైన్స్ పేర్లు తగిలించిన సెక్షన్లు పెరిగాయి, సివిల్ సెక్షన్లు మూతపడుతూ వచ్చాయి. కాటన్ విగ్రహానికి ఏటా దండ మాత్రం పడుతోంది.

ఎకరానికీ సీటుకీ మధ్య ఈ మారకం అన్నిటికన్నా నేరుగా జరిగింది అమరావతిలో. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల రైతుల దగ్గర 33,000 ఎకరాలకి పైగా పూలింగ్‌లో తీసుకున్నారు. 2017 నాటికి ఆ గ్రామాల్లోనే, ఐనవోలులో వి.ఐ.టి., నీరుకొండలో ఎస్.ఆర్.ఎం. తరగతులు మొదలుపెట్టాయి. ప్రభుత్వ భవనాలకన్నా ముందు ఆ రాజధానిలో కుదురుకున్నవాటిలో బీటెక్ క్లాసులొకటి. సి.ఎస్.ఈ. ఫీజు ఏడాదికి లక్షల్లో. భూమి ఇచ్చినవాళ్ళకి అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇస్తామన్నారు, పదేళ్ళ పాటు కౌలు ఇస్తామన్నారు: మొదటి ఏడు మెట్ట ఎకరానికి 30,000, జరీబు ఎకరానికి 50,000, తర్వాత ఏటా పెంపు. ఆ పొలాల్లో పత్తి తీసి, మిరప కోసి, దొండపాదుల కింద పనిచేసిన భూమిలేని కుటుంబాలకి నెలకి 2,500 పింఛను రాసిచ్చారు.